చర్మకారుని యింట తెరువబడిన ద్వారము
ఒంగోలు సంఘారంభమును గూర్చిన పాఠము

పఠన భాగములు: అపొ. కార్యములు 9:43–10:23, 1 కొరింథీయులకు 1:26–31

పేతురు యొప్పేలో ఎవని యింట బసచేసెనో లూకా మరువక వ్రాసియున్నాడు. ఆ గృహస్థుడు సీమోను అను చర్మకారుడు. అతని యిల్లు సముద్రపు దరిని ఉండెను. పశువు కళేబరమును తాకినవాడు సాయంకాలమువరకు అపవిత్రుడగునని ధర్మశాస్త్రము విధించియుండగా (లేవీ. 11:39, 40), దినదినము తోళ్లతోనే జీవించువానిని యూదులు ఏ దృష్టితో చూచియుందురో మనము గ్రహింపగలము. పేతురు అట్టివాని యింట ఒక పూట కాదు, అనేక దినములు నివసించెను. అన్యుడైన కొర్నేలీ యింటికి ఆయనను సిద్ధపరచిన దర్శనము ఆ యింటి మిద్దెమీదనే కలిగెను. దేవుడు ముందుగా తన అపొస్తలుని చర్మకారుని కప్పు క్రింద ఉంచి, ఆ తరువాతనే ఆ కప్పుమీద ఆయనకు దర్శనమిచ్చెను.

మన తెలుగు దేశములోను ఒక గొప్ప సంఘచరిత్ర ఇట్టి యింటితోనే పెనవేసికొనియున్నది. అది ఒంగోలు బాప్తిస్టు సంఘము. 1867లో ఎనిమిదిమందితో స్థాపింపబడిన ఈ సంఘము 1880 దశాబ్ది ఆరంభమునకు ఇరువది వేలకు మించిన సభ్యులు గలదాయెను. ఆ అంకెలను మనము తరచుగా విని సంతోషించుచున్నాము. అయితే అంకెల వెనుక మూడు కఠినమైన నిర్ణయములున్నవి: విడిచిపోక నిలుచుట, దేవుడు పిలిచినవారిని చేర్చుకొనుట, తొందరపడక కనిపెట్టుట. ఈ పాఠములో ఆ మూడింటిని క్రమముగా ధ్యానింతము.

1. ‘సంఘము’ అను మాట

క్రొత్త నిబంధనలో ‘ఎక్లేసియా’ అను గ్రీకు పదమునకు మన అనువాదకులు ‘సంఘము’ అను మాటను వాడిరి. గ్రీకు పదము ‘వెలుపలికి’, ‘పిలుచుట’ అను రెండు భావముల కూర్పు. గ్రీకు పట్టణములలో పౌరులు పిలుపు విని యిండ్లు విడిచి వచ్చి కూడిన సభకు ఆ పేరుండెను, ఎఫెసు పట్టణపు సభను గూర్చి లూకా ఆ మాటనే వాడియున్నాడు (అపొ. కార్య. 19:39). కావున ఆ పదము వినగానే ‘ఎవరు పిలిచిరి?’ అను ప్రశ్న పుట్టును.

మన ‘సంఘము’ సంస్కృతమునుండి వచ్చినది. ‘సమ్’ అను ఉపసర్గతో కూడిన ‘హన్’ ధాతువునుండి వైయాకరణులు దీనిని సాధింతురు. విడివిడిగా నున్నవి దగ్గరకు కొట్టబడి, బిగువుగా ఒకటైనవని భావము. ఈ పదము వినగానే ‘ఎట్లు కలుపబడిరి?’ అను ప్రశ్న పుట్టును. తోలు పని ఎరిగినవారికి ఈ భావము సులభముగా తెలియును. పచ్చితోలును నానబెట్టి, గీకి, పదునుపెట్టి, ముక్కకు ముక్కను చేర్చి, సుత్తితో కొట్టి కుట్టినగాని చెప్పు నిలువదు. పిలుపు లేనిది సమూహమే గాని సంఘము కాదు. పిలువబడినవారు ఒకరితోనొకరు కుట్టబడనియెడల అదియు సంఘము కాదు. ఒంగోలు చరిత్రలో ఈ రెండును కనబడుచున్నవి.

2. మొదటి నిర్ణయము: విడిచిపోక నిలుచుట

అమెరికా బాప్తిస్టుల పక్షమున శామ్యూల్ డే గారు 1836లో మన దేశమునకు వచ్చి, 1840లో నెల్లూరిలో స్థిరపడిరి. సంవత్సరములు గడచినను ఫలము బహు స్వల్పముగా నుండెను. 1853లో అమెరికాలోని ఆల్బనీ పట్టణమున కూడిన సభలో ఈ మిషనును మూసివేయవలెనా అను ప్రశ్న వచ్చెను. పటముమీద ఒంటరి నక్షత్రమువలె కనబడిన యీ ఒక్క స్థలమును ఆర్పివేయుటకు వారికి మనసు రాకపోయెను. ‘ఒంటరి నక్షత్రము’ అను పేరు అప్పటినుండి ఈ మిషనుకు నిలిచిపోయెను.

ఆ మరుసటి సంవత్సరాదిన, అనగా 1854 జనవరి 1 ఉదయమున, ఒంగోలులో ఐదుగురు ఒక కొండ యెక్కిరి. వారు లైమన్ జ్యూయెట్ గారు, ఆయన భార్య, క్రిస్టియన్ నరసు అను తెలుగు బోధకుడు, జూలియా, రూతు అను ఇద్దరు తెలుగు స్త్రీలు. కొండ క్రింద పరచియున్న పట్టణమును, పల్లెలను చూచి, ఒంగోలుకు ఒక దైవసేవకుని పంపుమని వారు ప్రార్థించిరి. నాడు ఆ పట్టణములో వారికి సంఘము లేదు. నేడు తెలుగు క్రైస్తవులు ఆ స్థలమును ప్రార్థన కొండ అని పిలుచుచున్నారు.

ఆ ప్రార్థనకు జవాబు మరుసటి దినమున రాలేదు, మరుసటి సంవత్సరమునను రాలేదు. పండ్రెండేండ్లకు పైగా గడిచెను. ఈలోగా జ్యూయెట్ గారు ఆరోగ్యము చెడి స్వదేశమునకు వెళ్లిరి. మిషనును మూసివేయవలెనను తలంపు అచ్చట మరల తలయెత్తెను. ఎవరు పంపినను పంపకున్నను తాను తిరిగి వెళ్లెదనని ఆ వృద్ధ సేవకుడు పట్టుపట్టగా, 1865లో ఆయనతోకూడ జాన్ ఎవరెట్ క్లౌ అను యువకుడు తెలుగు దేశమునకు వచ్చెను. క్లౌ గారు 1866 సెప్టెంబరులో ఒంగోలులో కాపురముండిరి. 1867 జనవరి 1న, కొండమీది ప్రార్థన జరిగిన నాటికి సరిగా పదమూడేండ్లకు, ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘము ఏర్పడెను.

ప్రియ చదువరీ, సంఘ స్థాపన తేదీని మనము రిజిస్టరులో చూచుచున్నాము. దేవుని లెక్కలో అది ఎప్పుడు ఆరంభమగునో ఆలోచించితివా? ఆ ఐదుగురిలో ముగ్గురు తెలుగువారని, ఇద్దరు మన స్త్రీలని మరువకుము. విత్తనము మట్టిలో నున్న కాలమును పంట చరిత్రనుండి తీసివేయలేము.

3. తోలు వర్తకుని యిల్లు

సంఘము ఒంగోలు పట్టణములో ఏర్పడినను, దాని వేరులు పడమట నున్న తలకొండపాడు అను పల్లెలో దిగెను. ఆ పల్లెవాడైన ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారము చేయువాడు. దేవుని వెదకుచు యోగమార్గమును అభ్యసించినవాడు. వ్యాపారము నిమిత్తము ఏలూరు ప్రాంతమునకు వెళ్లినప్పుడు ఆయన సువార్త వినెను. తాను వెదకుచున్నది ఇదియేయని గ్రహించి, యింటికి తిరిగివచ్చి తనవారితో చెప్పసాగెను. 1866లో జ్యూయెట్ గారు ఆయనకును ఆయన భార్యకును బాప్తిస్మమిచ్చిరి.

క్లౌ గారు ఒంగోలులో కాపురముండకమునుపే పేరయ్య సాక్ష్యమిచ్చుచుండెనని గమనింపుము. 1867 జనవరిలో క్లౌ గారు తలకొండపాడునకు వెళ్లినప్పుడు, పేరయ్య మాటలు విని కనిపెట్టుచున్నవారు గుంపుగా కూడివచ్చిరి. వాక్యము విని, పరీక్షింపబడి, 28 మంది బాప్తిస్మము పొందిరి. వారు పరదేశి పిలుపునకు కాక, తమ పల్లెవాడు, తమ చుట్టము, తమతో తోలు కుట్టినవాడు చెప్పిన మాటకు వచ్చినవారు. అంతియొకయ సంఘమును మొదట స్థాపించినవారి పేర్లను లూకా వ్రాయలేదు, కుప్ర, కురేనే వారని మాత్రమే చెప్పెను (అపొ. కార్య. 11:20). బర్నబా వచ్చునప్పటికే అచ్చట దేవుని కృప పని చేయుచుండెను. క్లౌ గారు తలకొండపాడులో బర్నబా చూచినదానినే చూచిరి.

4. రెండవ నిర్ణయము: పిలువబడినవారిని చేర్చుకొనుట

అయితే ఆ తొలి దినములలోనే కఠినమైన శోధన వచ్చెను. ఒంగోలులో అగ్రవర్ణస్థులు కొందరు క్లౌ గారిని ఆదరించుచు, బోధ వినుచుండిరి. మాదిగలు బాప్తిస్మము కొరకు వచ్చుట చూచి, వారిని చేర్చుకొనినయెడల తాము రామని వారు స్పష్టముగా చెప్పిరి. మొదట పై కులములవారిని సంపాదించినయెడల క్రిందివారు తమంతట తామే వత్తురను అభిప్రాయము నాడు అనేకులకుండెను. అది తెలివిగల ఉపాయముగానే తోచెను.

క్లౌ గారి మరణానంతరము 1914లో వెలువడిన స్వీయచరిత్రలో ఈ సంగతి ఉన్నది. ఏమి చేయుటకును తోచక ఆయన తన గదిలో ప్రవేశించి, చేతికందిన బైబిలును తెరువగా, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయము కనబడెను. పౌలు అచ్చట సంఘస్థులను తమ పిలుపును తాము చూచుకొనుడనుచున్నాడు. వారిలో లోకరీతిగా జ్ఞానులు, ఘనులు, గొప్ప వంశస్థులు అనేకులు లేరనియు, ఎన్నికైనవారిని వ్యర్థము చేయుటకు దేవుడు ఎన్నికలేనివారిని ఏర్పరచుకొనెననియు చెప్పుచున్నాడు. ఆయన భార్య హారియెట్ గారు వేరొక గదిలో అదే కలవరముతో బైబిలు తెరచి, అదే భాగమును చదివిరి. ఇద్దరును కలిసికొని మాటలాడుకొనినప్పుడు తమ మార్గము వారికి తేటపడెను.

బైబిలును ఎచ్చట తెరచిన అచ్చట జవాబు వెదకుమని నేను చెప్పుట లేదు. ఆ భాగము వారికి క్రొత్త సంగతిని తెలుపలేదు. తెలిసియు భయముచేత ప్రక్కకు పెట్టిన సంగతిని ఎదుట నిలిపెను. సంఘములో ఎవరు చేరవలెనని మనము నిర్ణయింపము. ఎవరిని దేవుడు పిలిచెనో గుర్తించుటయే మన పని. పేతురు కొర్నేలీ యింట నిలిచి చెప్పిన సాక్ష్యము ఇదియే (అపొ. కార్య. 10:34, 35, 47). ఆ నిర్ణయమునకు క్లౌ దంపతులు మూల్యము చెల్లించిరి. అగ్రవర్ణస్థులు దూరమైరి.

5. చేరినవారు చెల్లించిన మూల్యము

అంతకంటె గొప్ప మూల్యమును చెల్లించినవారు బాప్తిస్మము పొందినవారే. క్రొత్త విశ్వాసులకు మూడు సామాన్యమైన నియమములు పెట్టబడెను: ఆదివారమున పనిచేయకూడదు, చచ్చిన పశువు మాంసము తినకూడదు, విగ్రహములను పూజింపకూడదు. వినుటకు ఇవి చిన్నవి. పల్లె జీవితములో ఒక్కొక్కటియు పోరాటమే.

నాటి గ్రామములో మాదిగవాడు రైతుకు చెప్పులు కుట్టవలెను, బావి మోటకు తోలు తిత్తి సిద్ధపరచవలెను, గ్రామదేవత జాతరలో డప్పు వాయింపవలెను. దానికి ప్రతిఫలముగా కళ్లములో అతనికి మేర ధాన్యము వచ్చును. ఆదివారము పని మానినను, జాతరలో డప్పు పట్టకున్నను ఆ మేర ఆగిపోవును. చచ్చిన పశువు మాంసము వద్దనుట, కరవు నెలలలో ఆ యింట ఉన్న ఏకైక ఆహారమును వద్దనుటయే. అనేక గ్రామములలో విశ్వాసులకు నీళ్లు దొరకకుండ చేసిరి, అబద్ధపు నేరములు మోపిరి, కొట్టిరి. పౌలు ఫిలిప్పీయులకు క్రీస్తునందు విశ్వసించుటయే గాక ఆయన పక్షమున శ్రమపడుటయు అనుగ్రహింపబడెనని వ్రాసిన మాట (ఫిలిప్పీ. 1:29) ఆ పల్లెలలో అక్షరాల నెరవేరెను.

ఇచ్చటనే పిలువబడినవారు కుట్టబడిన సంఘమైరి. బోధకులు మూడు నెలలకొకసారి ఒంగోలులో కూడి, తమ తమ గ్రామముల శ్రమలను చెప్పుకొని, వాక్యము నేర్చుకొని, ప్రభువు బల్లలో పాలుపొంది తిరిగి వెళ్లుచుండిరి. పల్లె పెద్దల పంచాయితీ పద్ధతి విడువబడక, సంఘపు క్రమమునకు వినియోగపడెను. 1872లో రామాయపట్నమున వేదాంత పాఠశాల ఆరంభమై, తెలుగు బోధకులకు శిక్షణ కలిగెను.

6. మూడవ నిర్ణయము: కనిపెట్టుట

1876 మొదలుకొని 1878 వరకు దక్షిణ దేశమును మహా కరవు పట్టి పీడించెను. జనులు ఆకులు, గడ్డలు తిని, త్రోవల ప్రక్కను పడి చనిపోయిరి. మిషనరీ కాకమునుపు సర్వేయరు పని నేర్చిన క్లౌ గారు, బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును కంట్రాక్టుగా తీసికొనిరి. వేలకొలది జనులకు పని, కూలి దొరికెను. బోధకులు పని చేయించు మేస్త్రీలైరి. విశ్రాంతి వేళ వారు కూలివారి మధ్య కూర్చుండి, ప్రయాసపడి భారము మోయువారిని తనయొద్దకు రమ్మనిన ప్రభువును గూర్చి (మత్త. 11:28) చెప్పిరి. మన్ను తట్టలు మోయుచున్నవారికి ఆ మాటను వివరింప పనిలేకపోయెను.

బాప్తిస్మము కోరువారు గుంపులుగా వచ్చిరి. అప్పుడు క్లౌ గారు బాప్తిస్మములు నిలిపివేసిరి. కూలి, ధాన్యము మిషను చేతినుండి వచ్చుచుండగా ఎవడు క్రీస్తు కొరకు వచ్చుచున్నాడో, ఎవడు గంజి కొరకు వచ్చుచున్నాడో తెలియదని ఆయన యెంచెను. ఇట్లు పదునైదు నెలలు గడిచెను. ‘మీ తాతలు కరవులో కూటికి మతము మారినవారే గదా’ అను నింద మనలో అనేకులు వినియే యుందురు. ఆ నిందకు వాదముకంటె ఈ చరిత్ర మంచి జవాబు. కూడు ఉన్నప్పుడు బాప్తిస్మము లేదు. సహాయ ధనము ఆగిపోయిన తరువాతనే, 1878 జూన్ నడుమ, బాప్తిస్మములు మరల ఆరంభమాయెను.

ఇక ఇచ్చుటకు ధనము లేదని చెప్పి పంపినను జనులు వచ్చిరి. తమకు సహాయము అక్కరలేదని, కాయలు కాచిన చేతులను చూపించి తాము పనిచేసి బ్రదుకువారమని, మరల పంట పోయి చనిపోవలసి వచ్చినను క్రైస్తవులముగా చనిపోవలెనని వారు బతిమాలిరి. ఒంగోలుకు సుమారు పది మైళ్ల దూరమున గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి యొద్ద వారు కూడిరి. బోధకులు ఒక్కొక్కరిని పరీక్షించి పేర్లు వ్రాసికొనిరి. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మూడు దినములలో మొత్తము 3,536 మంది బాప్తిస్మము పొందిరి. నీళ్లలో దిగి బాప్తిస్మమిచ్చినవారు తెలుగు బోధకులు. జూలై 3న ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకొనుచు ఆ పని నెరవేర్చిరి. ఆ సంవత్సరాంతమునకు బాప్తిస్మము పొందినవారు 9,606 మంది.

పెంతెకొస్తు దినమున సుమారు మూడు వేలమంది చేర్చబడిరని చదువునప్పుడు (అపొ. కార్య. 2:41), ఒక్క దినములో అంతమందికి బాప్తిస్మమెట్లు సాధ్యమని కొందరు పండితులు సందేహించిరి. గుండ్లకమ్మ నది ఆ సందేహమును తీర్చినది.

7. పెరుగుదల మోపిన భారము

చరిత్రను సత్యముగా చెప్పవలెననిన దాని లోపమును కూడ చెప్పవలెను. బాప్తిస్మము ఒక దినపు పని. శిష్యత్వము ఒక తరమంతటి పని. ప్రభువు ఆజ్ఞలో బాప్తిస్మమిచ్చుట, బోధించుట అను రెండును ఉన్నవి (మత్త. 28:19, 20). వందల గ్రామములలో చెదరియున్న వేలమందికి బోధించుటకు బోధకులు చాలకపోయిరి. 1880 దశాబ్ది తొలి సంవత్సరములలో కంభము, వినుకొండ, నరసరావుపేట, బాపట్ల ప్రాంతములు ఒంగోలునుండి వేరుచేయబడి ప్రత్యేక క్షేత్రములాయెను. కొమ్మ నరికి వేరొకచోట నాటుట చెట్టుకు నష్టముగా కనబడును. అట్లు చేయనియెడల తోట పెరుగదు.

రెండవ లోపము ఇంకను లోతైనది. మాదిగలు మొదట వచ్చిన సంఘమని మాలలు చాలకాలము దూరముగా నుండిరి. ఇతర మిషనులలో కొన్నిచోట్ల మాలలు మొదట వచ్చినందున మాదిగలు దూరమైరి. అగ్రవర్ణస్థుడు పెట్టిన షరతును క్లౌ గారు త్రోసివేసిరి గాని, అదే షరతు వేరొక ముఖముతో సంఘమునకు వెలుపల నిలిచి, మెల్లగా లోపలికిని వచ్చెను. నేడును పెండ్లి సంబంధముల వేళ, సంఘ పెద్దల ఎన్నికల వేళ, కొన్ని ఊళ్లలో సమాధుల తోటలో సహితము అది మాటలాడుచున్నది. చర్మకారుని యింట తెరువబడిన ద్వారమును చర్మకారుని మనుమలే మూయుదురేని, లేక అతని ప్రక్కింటివారు మూయుదురేని, మూయబడినది క్రీస్తు తెరచిన ద్వారమే.

8. మన సంఘమునకు అన్వయము

నీ సంఘము నూరేండ్లదైనను, నిన్న ఒక యింటి వసారాలో ఆరంభమైనదైనను, ఈ మూడు నిర్ణయములు దానికి తప్పవు. ఫలము కానరాని దినములలో నిలుచునా? పరువు పోవునని తెలిసియు, దేవుడు పిలిచినవానిని తన ప్రక్కను కూర్చుండనిచ్చునా? సంఖ్య పెరుగు అవకాశము చేతికందినప్పుడు, సత్యము కొరకు చేయి వెనుకకు తీసికొని కనిపెట్టునా? మొదటిదానికి నిరీక్షణ, రెండవదానికి ప్రేమ, మూడవదానికి విశ్వాసము కావలెను.

ఎనిమిది పేర్లతో ఆరంభమైన ఆ సంఘపు జాబితాలో చేరిన వేలమందిలో అత్యధికులు చదువు రానివారు. తమ పేరు కాగితముమీద ఎట్లుండునో వారెరుగరు. అయినను ఆ పేరును పలికి పిలిచినవాని స్వరమును ఎరిగిరి (యోహాను 10:3). వచ్చే ఆదివారమున నీ సంఘములో నీవు ఎన్నడును ప్రక్కను కూర్చుండని ఒకరి ప్రక్కను కూర్చుండుము. ఆయన పేరడిగి తెలిసికొనుము. ఈ పాఠమును నేర్చుకొనుట అచ్చట మొదలుపెట్టుము.

ధ్యానమునకు ప్రశ్నలు

1. పేతురు చర్మకారుని యింట బసచేయుటకును, ఆయనకు కలిగిన దర్శనమునకును గల సంబంధమేమి?
2. నీ సంఘము స్థాపింపబడుటకు ముందు ఎవరు ప్రార్థించిరి? వారి పేర్లను నీ సంఘపు పెద్దలనడిగి తెలిసికొనుము.
3. సంఘము వృద్ధియగునను ఆశతో ఎవరినైనను దూరముంచిన సందర్భము మన మధ్య కలదా? దానిని సరిచేయుటకు ఏమి చేయవలెను?
4. బాప్తిస్మము పొందిన తరువాత నీకు బోధించినవారెవరు? నీవు ఎవరికి బోధించుచున్నావు?

ప్రార్థన: ప్రభువా, ఎన్నికలేని మమ్మును పిలిచితివి. పిలువబడిన మమ్మును ఒకరితోనొకరిని చేర్చి కుట్టుము. నీవు తెరచిన ద్వారమునకు మా చేతులు గడియ వేయకుండ కాపాడుము. ఆమేన్.